సెల్ ఎనాలిసిస్ మెషీన్లు తయారుచేసే కంపెనీలో అప్లికేషన్ సైంటిస్ట్‌గా చేరొచ్చా? లోపల పనిచేసినవాళ్లు చెప్పండి

పీహెచ్‌డీ_ఆఖరేడు:

అందరికీ నమస్తే. థీసిస్ రాస్తూనే ఉద్యోగాలు వెతుక్కుంటున్నా. ఫ్లో సైటోమీటర్లు (కణాలని ఒక్కొక్కటిగా లేజర్ ముందునుంచి పంపి కొలిచేవి, వీటినే ఫ్లో అంటాం), సెల్ కౌంటర్లు, ఇమేజింగ్ మెషీన్లు తయారుచేసే ఒక కంపెనీ నుంచి అప్లికేషన్ సైంటిస్ట్ (మెషీన్ వాడే ల్యాబులకి వాడకం నేర్పి సాయపడే మనిషి) ఆఫర్ వచ్చింది, పేరు ఇక్కడ చెప్పను. నాది ఇమ్యునాలజీ, నాలుగేళ్లుగా వారానికి రెండు మూడు రోజులు ఫ్లో దగ్గరే గడిచిపోయాయి కాబట్టి మెషీన్ నాకు బాగా తెలుసనే అనుకున్నా, ఇంటర్వ్యూ దాకా.

ఇంటర్వ్యూలో ఒక ప్లాట్ చూపించారు. అడ్డంగా సీడీ3 (టీ సెల్స్ మీద ఉండే మార్కర్), నిలువుగా సీడీ14 (మోనోసైట్ల మీద ఉండేది), కుడివైపు పైమూల చిన్న గుంపు ఒకటి విడిగా నిలబడి ఉంది. ఇదేంటి అని అడిగారు. నేను ఆలోచించకుండా రెండు మార్కర్లూ ఉన్న అరుదైన కణాలేమో, యాక్టివేట్ అయిన మోనోసైట్లేమో అని చెప్పుకుంటూ పోయా. ఆయన ఏమీ అనలేదు, అదే ఫైల్‌లో ఇంకో ప్లాట్ తెరిచారు, ఫార్వర్డ్ స్కాటర్ (కణం సైజుని బట్టి చెదిరే వెలుగు) పల్స్ ఏరియా ఒకవైపు, హైట్ ఒకవైపు, ఆ గుంపుని అందులో వెలిగించి చూపిస్తే దాదాపు అన్ని చుక్కలూ మామూలు గీత మీద కాకుండా పక్కకి జరిగి ఉన్నాయి. అంటే టీ సెల్ ఒకటి మోనోసైట్ ఒకటి అతుక్కుని లేజర్ ముందునుంచి జంటగా వెళ్లాయి, మెషీన్ వాటిని ఒకే కణంగా లెక్కేసింది. ఇలాంటి జంటలని, అంటే డబ్లెట్లని, తీసేయాలని మొదటి ఏడాదే చెప్పారు నాకు, తెలియని విషయం కాదు. కానీ మా ల్యాబ్ టెంప్లేట్‌లో ఆ గేట్ (ఏ కణాలు లెక్కలోకి రావాలో ప్లాట్ మీద గీసే హద్దు) నేను చేరకముందు నుంచీ గీసే ఉంది, అందుకని దాని వైపు చూడ్డమే మానేశా. అది తల్చుకుంటే రాత్రి నిద్ర పట్టలేదు. ఆఫర్ మాత్రం ఇచ్చారు.

ఇప్పుడు నా భయాలు. ఈ పని మెల్లగా సేల్స్ అయిపోతుందా, రెండేళ్లకి నాకు తెలిసిన సైన్స్ కూడా పోతుందా? ఈ కంపెనీని ఈమధ్యే వరసగా రెండుసార్లు వేరేవాళ్లు కొన్నారు, అది మంచికా చెడుకా అర్థం కావట్లేదు. చేరేలోపు ఏం నేర్చుకుంటే బాగుంటుంది? మెషీన్ మూత తీస్తే లోపల ఏముంటుందో కూడా నేనెప్పుడూ చూడలేదు. శుక్రవారంలోగా జవాబివ్వాలి.

కోర్‌ఫెసిలిటీ_అక్క:

తమ్ముడివో చెల్లివో తెలీదు, నువ్వు అనే అంటా, ఏమీ అనుకోకు. నేను పదకొండేళ్లుగా ఒక యూనివర్సిటీ కోర్ ఫెసిలిటీలో (అన్ని ల్యాబులూ పంచుకునే మెషీన్ల సెంటర్) ఫ్లో, సార్టర్లు (కావాల్సిన కణాలని విడదీసి ఇచ్చే మెషీన్లు) చూసుకుంటున్నా, అంటే నువ్వు చేరితే నీ ఫోన్ మోగించేది మాలాంటివాళ్లే. కాబట్టి మా వైపునుంచి చెప్తా.

ఒక సంఘటన చెప్తాను. మా దగ్గర స్ప్లీన్ నుంచి తీసిన కణాల సార్టింగ్ నడుస్తోంది, గంటలో మూడుసార్లు నాజిల్ మూసుకుపోయింది. స్టూడెంట్ ఏడుపు ఒక్కటే తక్కువ. నేను మెషీన్ మీదే అనుమానపడి నాజిల్ తీసి సోనికేట్ చేయడం (శబ్దతరంగాలతో శుభ్రం చేయడం), మళ్లీ పెట్టడం, స్ట్రీమ్ సరిచేయడం, ఇదే పని. ఆరోజు అదృష్టం కొద్దీ కంపెనీ అప్లికేషన్ ఆవిడ వేరే ట్రైనింగ్ కోసం వచ్చి ఉంది. ఆవిడ మెషీన్ వైపు చూడనైనా లేదు. శాంపిల్ ట్యూబ్ ఇవ్వమంది. దాన్ని కిటికీ వైపు పట్టుకుని మెల్లగా వంచింది, ద్రవం ఒక పక్కకి జారుతుంటే దాని వెనకాలే జిగురు తీగలాంటిది సాగుతూ కనబడింది. చచ్చిపోయిన కణాల్లోంచి బయటకొచ్చిన డీఎన్‌ఏ అది, బతికున్నవాటిని కూడా కలిపి ముద్ద చేసేస్తుంది. డీఎన్‌ఏస్ (డీఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైమ్) వేశావా అని స్టూడెంట్‌ని అడిగింది. వేశానన్నాడు. బఫర్‌లో ఇంకేముంది అంది. ఈడీటీఏ 2 మిల్లీమోలార్ అన్నాడు. అక్కడ దొరికింది దొంగ. డీఎన్‌ఏస్‌కి మెగ్నీషియం కావాలి, ఈడీటీఏ ఉన్న మెగ్నీషియం అంతా పట్టేసుకుంటుంది, ఇంక డీఎన్‌ఏస్ ఎంత పోసినా ఏం లాభం. ముందు మెగ్నీషియం ఉన్న బఫర్‌లో డీఎన్‌ఏస్ వేసి కాసేపు ఉంచమంది, తర్వాత కడిగి 40 మైక్రాన్ల జల్లెడలో వడకట్టి అప్పుడు సార్టింగ్ బఫర్‌లోకి తీసుకోమంది. ఆ మధ్యాహ్నం మొత్తం సార్ట్ ఒక్కసారి కూడా ఆగకుండా అయిపోయింది.

దాన్ని సేల్స్ అంటావా? నేననను. ఆరోజు ఆవిడ చేసింది నేను చూసిన మంచి సైన్స్‌లో ఒకటి, మరి ఆవిడ పేరు ఏ పేపర్లోనూ ఉండదు.

నీ ఇంటర్వ్యూ ప్లాట్ గురించి. బాధపడ్డావు కదా, ఆ బాధ అలాగే ఉంచుకో, ఈ ఉద్యోగానికి కావాల్సిందే అది. ఈ మెషీన్లు ఏది పోసినా నంబర్ ఇస్తాయి. కుళ్లిన శాంపిల్ పోసినా ఇస్తాయి, బుడగ వెళ్లినా ఇస్తాయి, రెండు కణాలు కలిసి వెళ్లినా ఇస్తాయి. ఈ నంబర్ ఇవ్వను పో అని ఏ మెషీనూ అనదు, ఆ మాట అనాల్సింది ఎదురుగా కూర్చున్న మనిషే. కొనేవాళ్లలో సగం మందికి అలా అనే ధైర్యం ఉండదు, గైడ్ తొందర, పేపర్ తొందర. పక్కన నిలబడి అనిపించేవాళ్లు కావాలి.

ఇంకోటి, అతుక్కున్న టీ సెల్ మోనోసైట్ జంటలన్నీ చెత్త అని కూడా తీసిపారేయకు, కొన్ని రక్తంలో ఉన్నప్పుడే నిజంగా పట్టుకుని ఉంటాయి, వాటి మీద పని చేసేవాళ్లున్నారు. కానీ అవి జంట అని తెలిసి చూడ్డం వేరు, కొత్త కణం కనిపెట్టామనుకోవడం వేరు.

నేర్చుకోవాలంటే ఈ వారమే హీమోసైటోమీటర్ (కణాలు లెక్కపెట్టే గళ్ల గాజుపలక) తీసి ట్రిపాన్ బ్లూతో (చచ్చిన కణాలకి పట్టే నీలం రంగు) నీ చేత్తో లెక్కపెట్టు. మూల గడి ఒక్కోటి 1 మిల్లీమీటర్ పొడవు 1 మిల్లీమీటర్ వెడల్పు, లోతు 0.1 మిల్లీమీటర్, అంటే ఒక్కో గడి మీద 0.1 మైక్రోలీటర్, అందుకే మిల్లీలీటర్‌కి ఎన్నో తెలియడానికి సగటుని పదివేలతో గుణిస్తాం. అదే శాంపిల్ ఆటోమేటిక్ కౌంటర్‌లో పెట్టి రెండూ పోల్చు. తేడా వస్తే స్క్రీన్ మీద అది దేనికి వలయం గీసిందో ఒక్కోటి చూడు, ముక్కలకి గీసిందా, గుంపుని ఒకటి అనుకుందా. ఆ గంట పనిలో వచ్చే తెలివి నెల ట్రైనింగ్‌లో రాదు.

సర్వీస్_ఇంజనీర్:

అక్క చెప్పినదానికి నా వంతు కలుపుతా. నేను బయాలజీ మనిషిని కాను, ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివి ఈ ఫీల్డ్‌లోకి వచ్చా, రెండు కంపెనీల్లో కలిపి పదిహేనేళ్లు. మూత తీస్తే ఏముంటుంది అన్నారు కదా, చెప్తా, ఎందుకంటే మూత తీసి చూసిన అప్లికేషన్ వాళ్లకి చూడనివాళ్లకి తేడా మాకు ఫోన్లోనే తెలిసిపోతుంది.

అన్నిటికీ మొదలు వాలెస్ కౌల్టర్. ఉప్పునీళ్లలో చిన్న రంధ్రం, దానిలోంచి కరెంటు, కణం ఆ రంధ్రంలోంచి దూరినప్పుడు తన సైజుకి సరిపడా నీళ్లని పక్కకి నెడుతుంది, ఆ క్షణం రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఆ పల్స్ ఎత్తు చూస్తే కణం పరిమాణం తెలుస్తుంది. 1953లో పేటెంట్ వచ్చింది. ఇప్పటికీ రక్త పరీక్ష చేసే చాలా హెమటాలజీ మెషీన్లు కణాలని లెక్కపెట్టేది ఆ సూత్రంతోనే. కౌల్టర్, ఆయన తమ్ముడు కలిసి కంపెనీ పెట్టారు, 1997లో దాన్ని బెక్‌మన్ కొంది, 2011లో ఆ మొత్తాన్ని డానహర్ కొంది. పేరు మాత్రం ఇప్పటికీ మెషీన్ మీద ఉంది.

తర్వాత కథ మీరు తప్పకుండా తెలుసుకోవాలి, మీ డబ్లెట్ కథకి అన్నలాంటిది. అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబ్‌లో కౌల్టర్ పద్ధతితో ఎర్రరక్తకణాల సైజు కొలుస్తుంటే రెండు శిఖరాలు వచ్చేవి. ఎర్రరక్తకణాల్లో రెండు రకాలున్నాయా అని పెద్ద ప్రశ్న. అక్కడ పనిచేసే మాక్ ఫుల్వైలర్ దగ్గర జవాబు కనుక్కునే దారి ఒకటే, ఆ రెండు శిఖరాల కణాలని విడదీసి మళ్లీ కొలవడం. అప్పట్లో విడదీసే మెషీనే లేదు. స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ స్వీట్ అనే ఇంజనీర్ ఇంక్‌జెట్ కోసం బొట్లకి కరెంటు చార్జ్ ఇచ్చి పక్కకి వంచే పద్ధతి కనిపెట్టి ఉన్నాడు, ఫుల్వైలర్ దాన్ని తీసుకుని కౌల్టర్ సెన్సర్‌కి కలిపాడు. 1965లో సెల్ సార్టర్ పుట్టింది అలా. ఒక శిఖరం కణాలు విడిగా తీసి మళ్లీ పోస్తే అందులోంచి మళ్లీ రెండు శిఖరాలే వచ్చాయి! అంటే రెండు రకాల కణాలు లేనే లేవు, బిళ్లలా ఉండే ఎర్రకణం రంధ్రంలోంచి ఏ వాలులో దూరిందన్నదాన్ని బట్టి పల్స్ మారుతోందన్నమాట. ఒక మెషీన్ చెప్పిన నంబర్‌ని నమ్మలేక ఇంకో మెషీన్ తయారుచేశారు, ఈ ఇండస్ట్రీ మొత్తం దాని మీద నిలబడింది. నాకు ఈ విషయం మొదటిసారి తెలిసినప్పుడు ఒళ్లు పులకరించింది, ఇప్పటికీ కొత్తవాళ్లకి మొదట ఇదే చెప్తా.

ఆ డిజైన్ తీసుకుని స్టాన్‌ఫర్డ్‌లో లెన్ హెర్జన్‌బర్గ్ వాళ్లు ముందు ఫ్లోరెసెన్స్ (వెలుతురు పడితే తిరిగి వెలిగే రంగులు) కలిపారు, 1969లో వాళ్ల పేపర్ వచ్చింది, లేజర్ ఆ తర్వాత కలిపారు, 70ల మధ్యలో బెక్టన్ డికిన్సన్ దాన్ని అమ్మకానికి తెచ్చింది. జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ గోడె 1968కే ఫ్లోరెసెన్స్‌తో కొలిచే మెషీన్ చేశాడు, అది సార్ట్ చెయ్యదు కానీ కొలుస్తుంది.

ఇక లోపల. మూడే విషయాలు గుర్తుపెట్టుకోండి, నీళ్లు, వెలుతురు, వైర్లు, మేం వెళ్లే కంప్లెయింట్లలో ఎక్కువ నీళ్లదే. షీత్ ద్రవం చుట్టూ పారుతూ మధ్యలో శాంపిల్‌ని సన్నటి దారంలా నొక్కుతుంది, అందుకే కణాలు ఒకదాని వెనక ఒకటి లేజర్ ముందుకి వస్తాయి. శాంపిల్ స్పీడ్ పెంచితే ఆ దారం లావవుతుంది, కణాలు పక్కపక్కన వస్తాయి, డబ్లెట్లు ఎక్కువవుతాయి, శిఖరాలు వెడల్పవుతాయి. తొందరని హై మీద పెట్టి డేటా బాలేదని ఫోన్ చేసేవాళ్లు ఎంతమందో. షీత్ ట్యాంకు అడుగుకొస్తే గాలి బుడగ ఫ్లో సెల్‌లో (కణాలు లేజర్‌ని దాటే చోటు) చేరుతుంది, అప్పుడు చుక్కలన్నీ ఒక్కసారి పక్కకి జరుగుతాయి. ఏ ఫైల్ తెరిచినా ముందు టైమ్‌ని అడ్డంగా పెట్టి సిగ్నల్‌ని నిలువుగా పెట్టి చూడండి, నది పారినట్టు సమంగా ఉండాలి, మధ్యలో గుంట పడితే అక్కడ ఏదో జరిగింది, ఆ ముక్క తీసేయండి. ఈ ప్లాట్ చూసే అలవాటున్నవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ మంది.

సాయంత్రం 10 శాతం బ్లీచ్ కొన్ని నిమిషాలు, తర్వాత నీళ్లు కొన్ని నిమిషాలు. ఆఖరున వాడినవాళ్లు లేటయిందని ఇది ఎగ్గొడతారు, పొద్దున్నే వచ్చినవాళ్లకి ట్యూబులో ప్రొటీన్ ఎండిపోయి ఉంటుంది. ఈ ఒక్క అలవాటు చేయించగలిగితే మీరు మాకు సగం పని తగ్గించినట్టే.

రెండేళ్లుచేసి_మానేశా:

అందరూ మంచే చెప్తున్నారు, నేను నా అనుభవం చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టవుతుంది. నేను ఇదే పోస్టులో రెండేళ్లు చేసి మానేశా. పని మీద కోపం లేదు, పద్ధతి మీద ఉంది.

మొదటి విషయం ప్రయాణాలు. నెలలో సగం రోజులు బ్యాగుతోనే. మనం రాసిన ప్రొటోకాల్ నాలుగోసారి కూడా బాగా నడిచిందా, ఆర్నెల్ల తర్వాత ఆ ల్యాబ్‌వాళ్లు ఏం చేశారు అని తెలుసుకునే టైమే ఉండదు. పీహెచ్‌డీలో ఒకే ప్రశ్నని నాలుగేళ్లు పట్టుకుని వేలాడిన మనిషికి అది చాలా వెలితిగా ఉంటుంది, నాకైతే ఉండేది.

రెండోది, క్వార్టర్ ఆఖరు. నేను చేసినచోట డెమో అంటే మేము తీసుకెళ్లిన శాంపిలే పోయమనేవాళ్లు, ఎప్పుడూ సస్పెన్షన్‌లో బాగా పెరిగే గుండ్రటి కణాలు, ఎందులో పోసినా అందంగా వస్తాయి. కస్టమర్ తన ట్యూమర్ శాంపిల్ తెస్తానంటే ఇంకోసారి చూద్దాం అని చెప్పమనేవాళ్లు. ఒకసారి నేను ఒప్పుకుని వాళ్ల శాంపిల్ పోశా. టిష్యూలో సహజంగా ఉండే వెలుగు, ఆటోఫ్లోరెసెన్స్, వాళ్లు చూడాలనుకున్న సన్నటి సిగ్నల్‌ని ముంచేసింది. ఆ మెషీన్‌లో ఆ రంగుతో అది కనబడదు, ఎర్ర లేజర్ వైపు రంగు మార్చుకోండి అని నిజమే చెప్పా. ఆర్డర్ ఆగింది, మా మేనేజర్ నాతో వారం మాట్లాడలేదు. అప్పుడే అర్థమైంది అక్కడ నా మాటకున్న విలువెంతో.

అన్ని కంపెనీలూ ఇలాగే ఉంటాయని అనను. కానీ చేరేముందు ఒక్కటి సూటిగా అడగండి, అప్లికేషన్ టీమ్ సేల్స్ కింద రిపోర్ట్ చేస్తుందా, లేక ఆర్ అండ్ డీ కిందా, సపోర్ట్ కిందా? నా జీతంలో టార్గెట్‌కి ముడిపెట్టిన భాగం ఉందా? వాళ్లు జవాబు తిప్పితే మీకు జవాబు దొరికినట్టే.

పీహెచ్‌డీ_ఆఖరేడు:

అక్కా, నీ మాటలు రెండుసార్లు చదివా. ఇంజనీర్ గారూ, ఎర్రరక్తకణాల కథ నాకు తెలీనే తెలీదు, థాంక్స్ చాలా చిన్నమాట. మానేసిన వాళ్లకి కూడా, ఆ ప్రశ్న ఇవాళే మెయిల్‌లో అడిగేశా.

ఇంకా అర్థం కానిది కొనుగోళ్ల సంగతే. కంపెనీ చేతులు మారితే మెషీన్లు ఏమవుతాయి, మనుషులు ఏమవుతారు? ఇంకా వీళ్ల దగ్గర స్పెక్ట్రల్ మెషీన్ కూడా ఉందట, నేను మామూలు ఫిల్టర్ల మెషీన్ తప్ప వాడలేదు, అది కొత్తగా నేర్చుకోవడం కష్టమా? ఫ్లో కాని మెషీన్లు కూడా నా నెత్తినే పెడతారా?

అస్సే_డెవలపర్:

నేను ఇలాంటి కంపెనీలోనే ఆర్ అండ్ డీలో ఉన్నా, రెండుసార్లు బోర్డు మార్చడం చూశా.

చేతులు మారడం ఈ రంగంలో కొత్తేం కాదండీ. ఎజిలెంట్ తీసుకుంటే 2015లో సీహార్స్‌ని కొన్నారు, 2018లో ఏసియా బయోసైన్సెస్‌ని, 2019లో బయోటెక్‌ని, అంటే కణం ఊపిరి కొలిచేది, ఎలక్ట్రోడ్లతో కొలిచేది, ఫ్లో, ప్లేట్ రీడర్లు అన్నీ నాలుగేళ్లలో ఒకే గొడుగు కిందికి. సార్టోరియస్ 2016లో ఇంటెల్లిసైట్, 2017లో ఇన్‌క్యుసైట్ (ఇంక్యుబేటర్ లోపలే కణాల ఫోటోలు తీసేది) తయారుచేసే ఎసెన్. అన్నిటికంటే ఎక్కువ తిరిగింది ఆమ్నిస్. ప్రతి కణానికీ ఫోటో కూడా తీసే ఫ్లో సైటోమీటర్ వాళ్లది, మీ డబ్లెట్ల అనుమానం తీర్చడానికి దానికి మించింది లేదు. 2011లో మెర్క్ మిల్లీపోర్ చేతికి వెళ్లింది, 2018 ఆఖర్లో లూమినెక్స్‌కి, 2021లో లూమినెక్స్‌నే డయాసోరిన్ కొంది, 2023లో సైటెక్‌కి. మెషీన్ అదే, దాని వెనక ఉన్న ఆలోచనా అదే, విజిటింగ్ కార్డు మాత్రం నాలుగుసార్లు మారింది.

నేను చూసినంతలో కొన్న కంపెనీ తన దగ్గర లేనిదాన్ని కొంటే ఆ టీమ్ బతుకుతుంది. తన దగ్గర ఆల్రెడీ ఉన్నదానికి పోటీగా ఉన్నదాన్ని కొంటే మాత్రం రెండింట్లో ఒకటి మూలపడుతుంది. మీ కంపెనీ కేటలాగ్, కొన్నవాళ్ల కేటలాగ్ పక్కపక్కన పెట్టుకుని చూడండి, మీరు పనిచేయబోయే మెషీన్‌కి అటువైపు జంట ఉందా లేదా తెలిసిపోతుంది. మనుషుల విషయానికొస్తే, కస్టమర్ ల్యాబుల్లో నమ్మకం సంపాదించినవాళ్లని కొత్త యాజమాన్యం అంత తేలిగ్గా వదులుకోదు, ఎందుకంటే మెషీన్ కొనేవాళ్లు ఆ మనిషి ఫోన్ ఎత్తుతాడా అని చూసే కొంటారు.

డేటా గురించి ఒక మంచిమాట. ఫ్లో ఫైళ్లకి ఎఫ్‌సీఎస్ అనే ఉమ్మడి ఫార్మాట్ 1984 నుంచీ ఉంది, తర్వాత మార్పులు చేస్తూ వచ్చారు, 3.1 వెర్షన్ 2010లో వచ్చింది. కంపెనీ పోయినా, పేరు మారినా ఆ ఫైల్ వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటుంది. ఈ రంగం చేసుకున్న అదృష్టాల్లో అదొకటి. ఇమేజింగ్, ఇంపిడెన్స్ (ఎలక్ట్రోడ్లతో కొలిచే) మెషీన్లకి ఆ సుఖం అంతగా లేదు, వాటిల్లో ముడి డేటా బయటికి ఎలా తీయాలో మొదటిరోజే నేర్చుకుని కస్టమర్‌కి కూడా మొదటిరోజే నేర్పండి, ఇది నా గట్టి అభిప్రాయం.

స్పెక్ట్రల్ గురించి భయపడక్కర్లేదు. మామూలు మెషీన్‌లో ఒక్కో రంగుకి ఒక్కో ఫిల్టర్, ఒక్కో డిటెక్టర్, దాని శిఖరం మాత్రమే చూస్తాం, పక్క డిటెక్టర్లోకి కారింది కాంపెన్సేషన్‌తో తీసేస్తాం. 488 నానోమీటర్ల లేజర్‌తో ఎఫ్‌ఐటీసీ అనే రంగు 520 దగ్గర వెలుగుతుంది, పీఈ అనే రంగు 575 దాటాక, ఎఫ్‌ఐటీసీ తోక పీఈ గదిలోకి వస్తుంది, అది మీకు తెలిసిందే. స్పెక్ట్రల్‌లో అన్ని డిటెక్టర్లలోనూ ఆ రంగు ఎంతెంత పడిందో మొత్తం చూస్తాం, అదే దాని వేలిముద్ర. శిఖరాలు దగ్గరగా ఉన్న రెండు రంగులైనా వేలిముద్ర వేరైతే విడదీయొచ్చు. ఆటోఫ్లోరెసెన్స్‌ని కూడా ఒక రంగులాగా లెక్కలోకి తీసుకుని తీసేయొచ్చు, పైన మిత్రులు చెప్పిన ట్యూమర్ శాంపిల్‌కి సరిగ్గా పనికొచ్చేది ఇదే. సోనీ 2012లో, సైటెక్ అరోరా 2017లో తెచ్చాయి, 2020కల్లా 40 రంగుల ప్యానెల్ అచ్చయింది. కానీ సింగిల్ స్టెయిన్ కంట్రోల్ (ఒక్క రంగే వేసి పోల్చుకునే ట్యూబు) బాగోకపోతే రెండు మెషీన్లలోనూ గోవిందా, స్పెక్ట్రల్‌లో ఇంకా త్వరగా గోవిందా. ముఖ్యంగా పీఈ-సై7 లాంటి జంట రంగులు, అంటే రెండు రంగులు అతికించి చేసినవి. అరగంట వెలుతుర్లో బల్ల మీద వదిలేస్తే జంట విడిపోవడం మొదలెడుతుంది, అప్పుడు వట్టి పీఈలా వెలుగుతుంది, లేని పీఈ పాజిటివ్ కణాలు పుట్టుకొస్తాయి. కంట్రోల్ ట్యూబు ఫ్రిజ్‌లో, శాంపిల్ ట్యూబు బల్ల మీద ఉందనుకోండి, రెండు వేలిముద్రలూ ఒకటి కావు, సాఫ్ట్‌వేర్‌కి అది తెలిసే దారి లేదు. నేను ఒక కస్టమర్ డేటాలో దీన్ని పట్టుకోడానికి రెండు రోజులు తీసుకున్నా, చివరికి పట్టించింది కోడ్ కాదు, ట్యూబులు ఎక్కడ పెట్టారు అన్న ప్రశ్న.

ఫ్లో కానివి కూడా ఇస్తారు, సందేహం లేదు. సీహార్స్ లాంటిదాన్లో ప్రోబ్ కిందికి దిగి కణాల మీద కాస్త ద్రవాన్ని మూసిపెట్టి అందులో ఆక్సిజన్ ఎంత వేగంగా తగ్గుతోంది, ఆమ్లం ఎంత పెరుగుతోంది చూస్తుంది. వరసగా కణం ఊపిరిని తగ్గించే, పెంచే మందులు, ఒలిగోమైసిన్, ఎఫ్‌సీసీపీ, రోటెనోన్-యాంటీమైసిన్ వేస్తాం. అందులో తొంభై శాతం గొడవ కణాలు సమంగా పరిచారా లేదా అన్నదే, ఒక వెల్‌లో ఎక్కువ ఒక వెల్‌లో తక్కువ ఉంటే ఊపిరి తేడా కాదు, తలల లెక్క తేడా. అంటే మళ్లీ అక్క చెప్పిన హీమోసైటోమీటర్ దగ్గరికే వచ్చాం.

కోర్‌ఫెసిలిటీ_అక్క:

డెమో గురించి మానేసిన మిత్రులకి ఒక మాట. మీరు ఆరోజు చేసింది సరైనపని. మేము కొనేవైపు ఉండి చెప్తున్నా, అలా నిజం చెప్పిన మనిషిని మేం మర్చిపోం. మా దగ్గర ఇప్పుడు రూల్ పెట్టుకున్నాం, డెమోకి ఎవరు వచ్చినా మా దగ్గరున్న అతి కష్టమైన శాంపిల్ మేమే ఇస్తాం, వాళ్లు తెచ్చింది తర్వాత. ఒకాయన మా శాంపిల్ పోసి, చూసి, ఇది మా మెషీన్‌లో రాదు, మీరు ఫలానా రకంది చూసుకోండి అని చెప్పి వెళ్లిపోయారు. రెండేళ్ల తర్వాత వేరే పనికి మెషీన్ కావాల్సివస్తే మేం మొదట ఫోన్ చేసింది ఆయనకే. ఆయన అప్పటికి కంపెనీ మారారు, మేమూ ఆయన వెనకే వెళ్లాం.

కాబట్టి పీహెచ్‌డీ, నిజం చెప్పనిచ్చే చోటైతే చేరు. మెయిల్‌కి ఏం జవాబొచ్చిందో ఇక్కడ రాయి.

పీహెచ్‌డీ_ఆఖరేడు:

జవాబొచ్చింది అక్కా. అప్లికేషన్ టీమ్ సపోర్ట్ కింద ఉంటుందట, టార్గెట్ లేదట, కస్టమర్ సొంత శాంపిల్‌తోనే డెమో చేస్తామని రాశారు. అస్సే డెవలపర్ గారు చెప్పినట్టు రెండు కేటలాగులు పక్కన పెట్టుకుని చూశా, నేను పనిచేయబోయే మెషీన్‌కి అటువైపు పోటీ లేదు. సగం మనసు తేలికపడింది.

మిగతా సగం వేరే విషయం. నిన్న రాత్రి నా థీసిస్‌లో మూడో చాప్టర్ ఫైళ్లు మళ్లీ తెరిచా. మొదట టైమ్ ప్లాట్, అది బాగానే ఉంది. తర్వాత డబ్లెట్ గేట్ దగ్గరికి వెళ్లా, మా టెంప్లేట్‌లోది. అది పాత మెషీన్ ఓల్టేజీలకి గీసిందట, సీనియర్‌ని అడిగితే ఇప్పుడు చెప్పాడు. కొత్త మెషీన్‌కి వచ్చాక ఎవరూ మార్చలేదు. ఇప్పటి డేటా మీద ఆ గేట్ ఎంత వెడల్పుగా ఉందంటే జంటలు కూడా లోపలే ఉండిపోతున్నాయి. గీత దగ్గరగా కొత్త గేట్ గీసి చూస్తే నేను ఫిగర్ 3లో చూపించిన డబుల్ పాజిటివ్ గుంపులో సగానికి పైగా మాయమైంది. మిగిలింది ఉంది, చిన్నదే కానీ ఉంది, మూడు శాంపిల్స్‌లోనూ ఉంది. అది నిజమో కాదో ఈ ఫైళ్లు చూసి చెప్పలేను.

పొద్దున మా గైడ్‌కి రెండు ప్లాట్లూ ప్రింట్ తీసి చూపించా. కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఫ్రీజర్‌లో ఇంకా రెండు వయల్స్ ఉన్నాయి కదా తీయి అన్నారు. ఇమేజింగ్ ఫ్లో ఉన్న పక్క డిపార్ట్‌మెంట్‌లో గురువారం మధ్యాహ్నం స్లాట్ దొరికింది. వయల్స్ కరిగించి మెగ్నీషియం ఉన్న బఫర్‌లో డీఎన్‌ఏస్ వేసి వడకట్టి, స్లో స్పీడ్‌లో పోసి, ఆ గుంపులో ఒక్కో కణం ఫోటో చూస్తా. ఆఫర్‌కి జవాబు శుక్రవారం పొద్దున ఇస్తా.

సర్వీస్_ఇంజనీర్:

పోసేముందు షీత్ ట్యాంకు నిండుగా ఉందో లేదో చూసుకోండి, పని అయ్యాక బ్లీచ్, నీళ్లు మర్చిపోవద్దు. ఫోటోల్లో ఏం కనబడిందో తప్పకుండా చెప్పండి.